తాళం నుంచి తలుపు దాకా

ఆవిడ లోపలికి వచ్చింది. కుర్చీ చూపించాను, కూర్చోలేదు. సంచిలోంచి ఒక అలారం టైంపీసు తీసి నా కీబోర్డుకీ టీ గ్లాసుకీ మధ్యన పెట్టింది. అది టిక్కుటిక్కుమని నడుస్తోంది.

"ఇది పదకొండు నిమిషాల ఇరవై సెకన్లకి మోగుతుంది. ఈలోగా నాకొక సంగతి చెప్పండి," అంది. "మా నాన్నని పద్నాలుగు గంటల ఇరవై నిమిషాల సేపు ఎందుకు చంపారు?"

మాది విమానం టిక్కెట్లు అమ్మే ఆఫీసు. టిక్కెట్టు రద్దు చెయ్యమని గొడవపడ్డవాళ్ళని చూశాను, కిటికీ సీటు రాలేదని తిట్టినవాళ్ళని చూశాను. హత్యానేరం మోపింది మాత్రం ఈవిడే. పైగా చూడ్డానికి బాగుంది. కోపంగా ఉన్న మనిషికి కళ్ళు అంత బాగుండకూడదు, ఎదుటివాడికి జవాబు తట్టదు.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. మా ఆఫీసు వెబ్‌సైట్‌లో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరం, విమానంలో ఎంతసేపు పడుతుంది అని పేజీలకి పేజీలుంటాయి. అవి రాసేది నేనే. ఆరేళ్ళలో నాలుగు వేల ఊళ్ళ జతలు కలిపాను. పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దమనిషి కూడా అన్ని జతలు కలిపి ఉండడు. పద్ధతి చాలా సులువు. గ్లోబు మీద గీత గీసినట్టు తిన్నగా దూరం తీసుకోవడం, దాన్ని ఎనిమిది వందల యాభైతో భాగించడం, ఎగరడానికీ దిగడానికీ కలిపి ఒక అరగంట వేసుకోవడం. ఆవిడ అక్క ఉండే ఊరు మా ఊరికి తొమ్మిది వేల రెండు వందల కిలోమీటర్లు. భాగించి అరగంట కలిపితే పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అంతే, రాసి పారేశాను.

ఆ రాసి పారేసింది పోయిపోయి వాళ్ళ నాన్నగారి కంట పడింది. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. పెద్దకూతురి కాన్పుకని వాళ్ళమ్మగారు ఆ ఊరికి బయల్దేరారు. ఆవిడ గుమ్మం దాటిన టైము కంట్రోలరుగారు గోడ మీద కేలండర్లో రాసుకున్నారు. టిక్కెట్టులో వేళలు ఉన్నాయి గానీ, బయల్దేరే వేళ ఒక ఊరిదీ దిగే వేళ ఇంకో ఊరిదీ ఉండేసరికి, ఒకే కాగితం మీద రెండు గడియారాలేమిటి, ఇది మోసం అని దాన్ని పక్కన పడేశారు. నా పేజీలో ఒకే ఒక్క అంకె ఉంది. ఆయనకది నచ్చింది.

పదకొండు గంటల ఇరవై నిమిషాలు అయ్యాయి. ఫోన్ రాలేదు. పదకొండున్నర గంటలు నిండేసరికి ఆయన కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు. పన్నెండు గంటలు నిండగానే పెద్దకూతురికి ఫోన్ చేస్తే, అమ్మ రావడానికి ఇంకా చాలా టైముంది నాన్నా అని చెప్పింది. పిల్ల తన దగ్గర ఏదో దాస్తోందని ఆయన నిర్ధారణ చేసుకున్నారు. ఆ తర్వాత ఎయిర్‌పోర్టుకి, పోలీసులకి, ఫైర్ స్టేషన్‌కి కూడా చేశారట. ఫైర్ స్టేషన్‌కి ఎందుకని అడిగితే, వాళ్ళయితే ఫోన్ ఎత్తుతారని అన్నారట. వాళ్ళమ్మగారు నింపాదిగా, ఇరవై అయిదు గంటల నలభై నిమిషాలకి, పెద్దకూతురింటి కాలింగ్ బెల్ నొక్కారు.

ఆ రెండు ఊళ్ళ మధ్య తిన్నగా వెళ్ళే విమానమే లేదని, మధ్యలో ఒకచోట దిగి ఆరు గంటలు కూర్చోవాలని, మేము రాసేది లెక్క ప్రకారం ఎగిరే టైమేనని వివరించాను.

"అయితే ప్రయాణ సమయం అని ఎందుకు రాశారు? ప్రయాణం అంటే ఇంటికి తాళం వేసింది మొదలు అవతలి తలుపు తీసేదాకా. మీరెప్పుడైనా విమానం ఎక్కారా?"

"ఆరేళ్ళ నుంచి ఇదే పనిలో ఉన్నానండీ. ఆకాశం మా పెరడు లాంటిది," అన్నాను.

అది అబద్ధం. నేను జన్మలో విమానం ఎక్కలేదు. మూడో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూస్తేనే గోడ పట్టుకుని వెనక్కి వచ్చేస్తాను. కానీ ఆ కళ్ళ ముందు ఆ మాట ఎలా చెప్పను?

ఇంతలో టైంపీసు మోగింది. అలారానికి సెకన్ల లెక్క ఉండదు కదా అన్నాను, ఆమె మీద ఒక చిన్న గెలుపైనా దక్కుతుందని. తను బాగుచేసిన దానికి ఉంటుందని చెప్పి, దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది, పక్క వీధిలో గడియారాలు రిపేరు చేసే షాపు ఆవిడదేనని.

నాకు గడియారం ఉంది. అది మర్నాడే పాడైంది. పాడుచేసింది నేనే.

షాపు చిన్నది. నాలుగు గోడల నిండా రిపేరుకి వచ్చిన గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తూ. సరైన టైము చెప్పేది ఆమె తల పైన ఉన్నదొక్కటే. ఆమె కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో చీమంత చక్రాన్ని పట్టుకుని ఉంది. నా గడియారం విప్పి చూసి, దీన్ని ఎవరో నీళ్ళలో ముంచారంది. వానలో తడిసిందన్నాను. వారం నుంచి వాన లేదంది. నేను ఆకాశం వైపు చూశాను. నా మొర విన్నట్టుగా సరిగ్గా అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. ఆమె నవ్వు ఆపుకోవడానికి భూతద్దం సర్దుకుంది.

ఆ వాన గంటన్నర కురిసింది. నాకు గొడుగు లేదు, ఆమెకి ఉంది, ఇవ్వలేదు. ఆ గంటన్నరలో నా పేజీ ఎలా ఉండాలో నాకు పాఠం చెప్పింది. ఒక నోటుబుక్కు పెట్టమంది. టిక్కెట్టు కొన్న ప్రతి మనిషినీ తాళం వేసిన టైము, తలుపు తీసిన టైము రాసుకోమని బతిమాలాలి. తిరిగొచ్చాక ఆ అంకెలు పేజీలో పెట్టాలి.

మా ఓనరుగారికి ఈ ఆలోచన రుచించలేదు. పదకొండు గంటలంటే వెళ్ళేవాడు ఇరవై అయిదంటే వెళ్తాడా అన్నారు. కానీ జనానికి నచ్చింది. తిరిగొచ్చినవాళ్ళు టైముతో పాటు తమ కథలు కూడా రాసిచ్చారు. పంతొమ్మిది గంటల్లో చేరాను, అత్తగారిని తల్చుకుని తలుపు బయట మరో నలభై నిమిషాలు నిలబడ్డాను, ఏది లెక్క అని ఒకాయన అడిగాడు. ఇరవై రెండు గంటల్లో వెళ్ళాను గానీ పక్కింటి బెల్ కొట్టాను, వాళ్ళే భోజనం పెట్టారని ఒకావిడ రాసింది. సాయంత్రాలు షాపులో కూర్చుని ఆ నోటుబుక్కు చదివి ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో గుర్తులేదు. అన్ని టైములు రాసుకున్నవాళ్ళం, ఆ ఒక్క టైము మాత్రం రాసుకోలేదు.

వాళ్ళింట్లో నా పేరు పదకొండూ ఇరవై అయిపోయింది. పెట్టింది కంట్రోలరుగారు. నేను గుమ్మంలో కనిపిస్తే, "ఏమోయ్ పదకొండూ ఇరవై, ఎన్నింటికొస్తానన్నావు, ఎన్నింటికొచ్చావు?" అనేవారు. ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు, చెప్పిన టైముకి వచ్చేవాళ్ళు, మిగతావాళ్ళు. నన్ను రెండో రకంలో శాశ్వతంగా వేసేశారు. ఆయనకి ఏదైనా నచ్చితే మాత్రం అరచేత్తో దగ్గరున్న బల్లనో గోడనో రెండుసార్లు చరిచి, డిపోలో బస్సుని పంపించినట్టు, "రైట్, రైట్," అనేవారు. కూర బాగుంటే గిన్నెని చరిచేవారు. నన్ను చూసి ఆయన దేన్నీ చరచలేదు.

నా మనసులో మాట ఆమెకి చెబుదామని నాలుగుసార్లు షాపుకి వెళ్ళాను. నాలుగుసార్లూ గడియారం రిపేరు చేయించుకుని వచ్చాను.

ఈలోగా ఆమెకి కబురొచ్చింది. అక్క ఉండే ఊళ్ళో పెద్ద గడియారస్తంభం ఒకటి పదకొండేళ్ళుగా ఆగిపోయి ఉంది. అలాంటి పాత యంత్రం తెలిసినవాళ్ళు అక్కడ దొరకడం లేదట. వాళ్ళ బావ ఆ మునిసిపల్ ఆఫీసులోనే పనిచేస్తాడు. మా మరదలు చేస్తుందని ఆయన చెప్పాడు, వాళ్ళు మూడు నెలలు ఉండేలా రమ్మన్నారు. అంత పెద్ద గడియారంలో చెయ్యి పెట్టాలని ఆమెకి చిన్నప్పట్నుంచీ కోరిక. నాకు చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోతోంది, చాలా మంచి అవకాశమని నేనన్నాను. మంచి మాటలు ఎంత సులువుగా నోట్లోంచి వస్తాయో, కావలసిన మాట అంత కష్టంగా లోపలే కూర్చుంటుంది.

వెళ్ళే రోజు నా గడియారం బాగుచేసి తిరిగి ఇచ్చింది.

"ఈసారి దీన్ని నీళ్ళలో ముంచకు," అంది. "ఎలా ఇచ్చానో అలాగే పెట్టుకో."

ఆమె కారెక్కి వెళ్ళిపోయాక చేతికి పెట్టుకుని చూస్తే, నాలుగున్నర గంటలు వెనక్కి ఉంది. పాపం, ప్రయాణం హడావిడిలో సరిగ్గా పెట్టలేదనుకున్నాను. అంత పనిమంతురాలికి ఈ పొరపాటు చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఎవరికీ చెప్పకుండా ముల్లు తిప్పి సరిచేసుకున్నాను. నా పెద్దమనసుకి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

రెండున్నర నెలలు ఫోన్లో గడిచాయి. స్తంభం మీది గడియారం తిరగడం మొదలైంది. ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. ఊళ్ళోని గడియారాలన్నీ ఆమెకే అప్పగిస్తామంటున్నారట. మూడేళ్ళకి సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా చెప్పకపోతే ఇంకెవరినైనా వెతుక్కుంటారట.

"ఏం చెయ్యను?" అంది.

నీ ఇష్టం అన్నాను. ప్రపంచంలో ఇంతకంటే పనికిమాలిన జవాబు లేదని నాకు ఇప్పుడు తెలుసు.

ఆమె ఆ జవాబుని వదిలేసింది. తర్వాత అడిగింది. "అక్కడికీ ఇక్కడికీ ఎంత దూరం?"

"తొమ్మిది వేల రెండు వందల కిలోమీటర్లు."

"గడియారం సరిగ్గా నడుస్తోందా?"

"బ్రహ్మాండంగా నడుస్తోంది. నువ్వు హడావిడిలో నాలుగున్నర గంటలు వెనక్కి పెట్టి ఇచ్చావు. ఆ రోజే నేను సరిచేసేశాను."

సరే, శుక్రవారం సంతకం పెట్టేస్తానని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

ఎందుకు కోపమొచ్చిందో అర్థం కాలేదు. బుర్ర గోక్కుంటూ పనిలో పడ్డాను. ఓనరుగారు ప్రతి పేజీలో రెండు ఊళ్ళ టైము తేడా కూడా రాయమన్నారు. అక్షరక్రమంలో వెళ్తూ వెళ్తూ సాయంత్రానికి ఆ ఊరి పేజీకి వచ్చాను. తేడా ఎంతో నా చేత్తో నేనే టైపు చేశాను. నాలుగు గంటల ముప్పై నిమిషాలు వెనక.

చెయ్యి ఆగిపోయింది.

ఆమె పొరపాటు పడలేదు. తను ఉండబోయే ఊరి టైము పెట్టి నా చేతికి ఇచ్చింది. ఇక్కడ కూర్చుని నేను చెయ్యి చూసుకున్నప్పుడల్లా అక్కడ తనకి ఎంతయిందో నాకు తెలియాలని. మనసు విప్పి చెప్పే మాటకి అది ఆమె పద్ధతి. నాలుగు వేల ఊళ్ళ టైములు తెలిసిన మేధావిని, నేను దాన్ని రిపేరు చేశాను.

లేచి తిన్నగా వాళ్ళింటికి పరిగెత్తాను. ఎందుకంటే ఆ ఇంట్లో నాకొక టిక్కెట్టుంది.

ఆ టిక్కెట్టు కథ ఇది. గురువారం కంట్రోలరుగారు మనవరాలిని చూడ్డానికి బయల్దేరుతున్నారు. ఒక్కరినే పంపడానికి, కాన్పు చేసి ఎప్పుడో తిరిగొచ్చేసిన వాళ్ళమ్మగారికి ధైర్యం చాలలేదు. నెల క్రితమే నన్ను పిలిచి, ఆయనకి తోడుగా నువ్వు వెళ్ళాలి, మీ ఓనరుతో కూడా మాట్లాడాను, ఈ సంగతి అక్కడ పిల్లలకి చెప్పకు అని ఆర్డరు వేశారు. ఓనరుగారు కూడా వెళ్ళి ఆ పేజీ సంగతి స్వయంగా తేల్చుకుని రా అన్నారు. కాగితాలన్నీ సిద్ధమయ్యాయి. నేను మాత్రం నెల రోజులుగా వెళ్ళకుండా ఉండడానికి జ్వరం, నడుంనొప్పి, కంటికలక అని ఒక్కో సాకూ చెబుతూ వస్తున్నాను. భయమని చెప్పలేక.

"ఆంటీ, నేను వెళ్తున్నాను," అన్నాను వగరుస్తూ.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నడుంనొప్పి తగ్గిందా నాయనా?"

"తగ్గిందండీ."

"కంటికలక కూడా తగ్గినట్టుంది. ఇప్పటికి నీకు కళ్ళు కనిపిస్తున్నాయి," అన్నారు. ఆ ఇంట్లో అన్నీ తెలిసిన మనిషి ఆవిడే.

ఆ రాత్రి పడుకునే ముందు గడియారం ముల్లు నాలుగున్నర గంటలు వెనక్కి తిప్పాను. ఇక దాన్ని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి కంట్రోలరుగారు గుమ్మం దాటారు. నోటుబుక్కులో రాశాను. ఎయిర్‌పోర్టు దాకా ఆయన దారిలో కనిపించిన ప్రతి బస్సు ఆలస్యం గురించీ వ్యాఖ్యానం చేశారు. విమానంలో కూర్చున్నాక ఇద్దరమూ సీటు బెల్టు దగ్గర ఆగిపోయాం. ఆయన నా వంక చూశారు. నేను పక్క సీటాయన ఎలా పెట్టుకుంటాడో చూశాను. పక్క సీటాయన నిద్రపోతున్నాడు.

"ఏమోయ్, ఆకాశం మీ పెరడన్నావట. మా అమ్మాయి చెప్పింది," అన్నారు. "ఈ బెల్టు ఎలా పెడతారో చూపించు."

అయిదు నిమిషాలు దాంతో కుస్తీ పట్టాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఇద్దరికీ చంటిపిల్లలకి కట్టినట్టు కట్టి వెళ్ళింది.

"నిజం చెప్పు. ఎన్నిసార్లు ఎక్కావు?"

విమానం పరుగు మొదలుపెట్టింది. అబద్ధం ఆడాలంటే కొంచెం ఊపిరి కావాలి, నా దగ్గర అది కూడా లేదు. "ఇదే మొదలండీ. అమ్మాయి ముందు గొప్పలకి పోయి చెప్పాను," అన్నాను కళ్ళు మూసుకుని.

నా పని అయిపోయిందనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆయనా కళ్ళు మూసుకునే ఉన్నారు. నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"డిపోకి కొత్త డ్రైవరొస్తే రూటు తెలుసనే చెబుతాడు," అన్నారు కాసేపటికి. "మొదటి మలుపులోనే మాకు తెలిసిపోతుంది. తెలీదని వాడంతట వాడు ఒప్పుకుంటే పక్కన మనిషినిచ్చి పంపేవాణ్ణి. ఒప్పుకోనివాడికి బస్సు ఇచ్చేవాణ్ణి కాదు."

నేను ఒప్పుకున్న లెక్కలోకి వస్తానో రానో అడిగే ధైర్యం రాలేదు. ఎనిమిది గంటలు అలాగే చేతులు పట్టుకుని వెళ్ళాం.

విమానం మారే ఊళ్ళో దిగాం. తర్వాతి విమానం ఉదయం ఆరూ యాభైకి. కుర్చీల్లో కాస్త కునుకు తీసి, తెల్లారాక కాఫీకి కూర్చున్నాం. ఫోన్లు ఆఫ్ చెయ్యమన్నారని విమానంలో ఆఫ్ చేశాం. మళ్ళీ ఆన్ చెయ్యమని ఎవరూ చెప్పలేదు, మాకూ తట్టలేదు.

టైమెంతయిందని ఆయన అడిగారు. చెయ్యి చూసుకుని మూడున్నర అన్నాను. ఆయన తన చేతి గడియారం చూసుకున్నారు, ఎనిమిది. అది ఇంటి టైము, మార్చేది లేదు, లెక్కలోకి రాదన్నారు. ఎదురుగా గోడ మీద పెద్ద గడియారం ఆరున్నర చూపిస్తోంది.

"అదెవరు బాగుచేశారో ఏమో. నా దానితోనూ కలవడం లేదు, నీ దానితోనూ కలవడం లేదు," అన్నారు. "నీ గడియారం మా అమ్మాయి చేతిలోంచి వచ్చింది. దాన్నే నమ్ముదాం. ఇంకా మూడు గంటల పైనే ఉంది. ఇంకో కాఫీ చెప్పు."

చెప్పాను. నా చేతి మీద ఉన్నది ఆమె ఊరి టైమని నాకు తెలుసు. తెలిసిన సంగతి పనిచెయ్యాల్సిన సమయానికి బుర్రలో లేకపోవడం నాకు అలవాటే. ఇద్దరి చేతులకీ రెండు గడియారాలున్నాయి, మేము కూర్చున్న ఊరి టైము మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

రెండో కాఫీ సగంలో ఉండగా అద్దంలోంచి ఒక విమానం వెళ్ళడం చూశాం. భలే కరెక్టుగా బయల్దేరిందని కంట్రోలరుగారు మెచ్చుకున్నారు కూడా. అది మాదే.

కౌంటరులో అమ్మాయి దయగల మనిషి. మధ్యాహ్నం పన్నెండుంపావు విమానంలో చోటిచ్చింది. అంటే అయిదు గంటల పాతిక నిమిషాల ఆలస్యం. నాకు ప్రాణాలు పైనే పోయాయి. శుక్రవారం పొద్దున పదకొండుకి చేరాల్సినవాళ్ళం, సాయంత్రం నాలుగు దాటాక గానీ చేరం. అయిదుకి ఆమె సంతకం గడువు. మేము చేరేసరికి పెట్టేసి ఉంటుంది. ఫోన్ చేద్దామన్నాను. ఆయన ససేమిరా వద్దన్నారు. బస్సు లేటని స్టాండులో చెప్పకూడదు, చెబితే జనం గొడవ చేస్తారు, చెప్పకపోతే నిలబడతారు అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్న నీతి అది.

అప్పుడు నా గడియారం సంగతి ఆయనకి మొత్తం చెప్పేశాను. ఆమె వెనక్కి పెట్టి ఇవ్వడం, నేను సరిచెయ్యడం, సోమవారం ఫోను, మళ్ళీ వెనక్కి తిప్పడం. ఆమె అంటే నాకు ఇష్టమని కూడా, కాఫీ కప్పు వైపు చూస్తూ, చెప్పేశాను. ఆయన అంతా విన్నారు. ఏమీ చరచలేదు. ఎక్కాల్సిన గేటు ఎటో వెతుకుదాం పద అన్నారు.

నాలుగూ పాతికకి వాళ్ళ అక్కగారింటి మెట్లెక్కాం. కంట్రోలరుగారు బెల్ మీద వేలు పెట్టబోయారు. నొక్కేలోపే తలుపు దభాలున తెరుచుకుంది.

ఆమె. జుట్టు చెదిరిపోయి, చేతిలో ఫోను పట్టుకుని.

"ఎక్కడికెళ్ళావు నాన్నా? ఫోనెందుకు ఆఫ్ చేశావు? ఇరవై అయిదూ నలభై అన్నావు, ముప్పై ఒకటి దాటింది. ఎయిర్‌పోర్టుకి చేశాను, పోలీసులకి చేశాను..."

"ఫైర్ స్టేషన్‌కి చేశావా?" అన్నారాయన.

"చేశాను," అని ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో ఆయన్ని పట్టుకుంది. అప్పుడు ఆయన భుజం మీంచి, మెట్ల మీద రెండు సూట్‌కేసులతో తేలుకుట్టిన దొంగలా నిలబడ్డ నేను కనిపించాను.

ఆమె కళ్ళు నా మొహం మీంచి నా మణికట్టు మీదికి దిగాయి. లోపల గోడ గడియారం వైపు తిరిగి చూసింది. మళ్ళీ నా మణికట్టు చూసింది.

"ఎయిర్‌పోర్టులో దిగాక మార్చుకున్నావా?" అంది మెల్లగా.

"లేదు. సోమవారం రాత్రి మార్చాను. మళ్ళీ ముట్టుకోలేదు."

"దానికి నేను సాక్షిని," అన్నారు కంట్రోలరుగారు. "ఆ గడియారం పుణ్యమాని విమానం తప్పించాడు."

ఆమె నవ్వింది. రెండున్నర నెలలకి ఆ నవ్వు చూశాను. లోపల బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను కనిపిస్తున్నాయి. మధ్యాహ్నమే వెళ్ళి సంతకం పెట్టొద్దామనుకున్నానని, నాన్న కబురు తెలియక ఇల్లు కదల్లేకపోయానని చెప్పింది. ఇంకా అరగంట టైముందంది. ఆఫీసు ఈ వీధి చివరే.

"ఇప్పుడు చెప్పు," అంది. "పెట్టనా, వద్దా?"

దారి పొడుగునా వద్దు అనే మాట తయారుచేసుకుని వచ్చాను. తీరా ఆమె ముందు నిలబడితే ఆ మాట చిన్నదిగా అనిపించింది.

"పెట్టు," అన్నాను. "ఎంత దూరమని అడిగావుగా, ఆ రోజు తప్పు చెప్పాను. ఇంట్లో కూర్చున్నంత సేపూ చాలా దూరం. బయల్దేరితే ముప్పై ఒక్క గంటల అయిదు నిమిషాలు, అదీ విమానం తప్పితే. నాకు భయం తీరలేదు గానీ, దారి తెలిసింది. నువ్వెక్కడుంటే అక్కడికి వస్తాను. నువ్వంటే నాకు ప్రాణం. ఈ మాట గడియారం పాడుచేసుకున్న రోజే చెప్పాల్సింది."

"మూడేళ్ళా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"మూడంటే నిజంగా చాలా ఎక్కువ. ఒకటి చేయించగలవేమో అడుగు," అన్నాను నిజాయితీగా.

"ఆ స్తంభం సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఒకటంటే ఒకటే. ఒప్పుకోక చస్తారా?"

వెనక నుంచి చప్పుడు వినిపించింది. కంట్రోలరుగారు తెరిచి ఉన్న తలుపు చెక్కని అరచేత్తో రెండుసార్లు గట్టిగా చరిచారు.

"రైట్, రైట్," అన్నారు. "అయిదుకి ఆఫీసు మూసేస్తారు, నడవండి. అల్లుడూ, ఆ సూట్‌కేసులు అక్కడ పడెయ్."

ముగ్గురం మెట్లు దిగి వీధిలో పడ్డాం. ఆమె ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. పరుగులాంటి నడకలోనే టైమెంతయిందని అడిగింది.

చెయ్యి చూసుకుని నాలుగూ నలభై అన్నాను. వీధి చివర, ఆమె బాగుచేసిన గడియారస్తంభం కూడా అంతే చూపిస్తోంది.